లెక్కలు వదిలేసిన పిల్లకు మళ్ళీ లెక్కలు

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పదో తరగతి కాగానే మన పిల్లల దారి రెండుగా చీలుతుంది. లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళు ఎంపీసీలో చేరతారు. లెక్కలంటే భయమున్నవాళ్ళలో చాలామంది బైపీసీకి వెళ్తారు. "హమ్మయ్య, ఇక లెక్కల పీడ వదిలింది" అని పిల్లా అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. రెండేళ్ళు గడుస్తాయి. మెడిసిన్ సీటు అందలేదు, బి.ఫార్మసీలో సీటు వచ్చింది. మంచి చదువే కదా అని చేర్పిస్తాం. తీరా మొదటి సెమిస్టర్ పాఠాల పట్టిక చూస్తే అందులో 'రెమిడియల్ మ్యాథమెటిక్స్' అని ఒక పేపరు! పిల్ల మొహం కాస్తా చిన్నబోతుంది.

ఈ పేపరు ఎందుకు పెట్టారో ముందు తెలుసుకుందాం. బి.ఫార్మసీకి ఎంపీసీ పిల్లలూ వస్తారు, బైపీసీ పిల్లలూ వస్తారు. ఒకరికి జీవశాస్త్రం కొరత, ఇంకొకరికి లెక్కల కొరత. ఆ కొరత తీర్చడానికి ఫార్మసీ కౌన్సిల్ వారు 2014 నాటి నిబంధనలను అనుసరించి తయారుచేసిన పాఠ్యప్రణాళికలో, ఎంపీసీ వాళ్ళకు రెమిడియల్ బయాలజీ, బైపీసీ వాళ్ళకు రెమిడియల్ మ్యాథమెటిక్స్ పెట్టారు. అంటే మీ అమ్మాయి గణితం క్లాసులో తల పట్టుకుని కూర్చున్న వేళకే, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న అబ్బాయి ఒకడు బయాలజీ ముందు తల పట్టుకుని కూర్చుంటాడన్నమాట! ఈ సంగతి పిల్లకు చెప్పండి. సగం దిగులు తగ్గుతుంది.

మిగతా సగం దిగులుకు కారణం లేకపోలేదు. ఆ ప్రణాళికలో ఈ పేపరుకు కేటాయించినది వారానికి రెండు గంటలు, మొత్తం 30 గంటలు. ఆ 30 గంటల్లో పాక్షిక భిన్నాలు, సంవర్గమానాలు (అదే, లాగరిథమ్స్ అంటారే, అవి), మాత్రికలు, అవకలనం, సమాకలనం, ఆఖరున లాప్లాస్ పరివర్తన దాకా వెళ్ళాలి. పాఠం చెప్పేవారికి వెనక్కి తిరిగి చూసే తీరిక ఉండదు. పదో తరగతి దాకా లెక్కలు వచ్చుననే ధీమాతో మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే ఉంది.

మన పిల్లలు తడబడేది కొత్త పాఠం దగ్గర కాదండీ, ఎప్పుడో ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో వదిలేసిన చోట. ఒక్క ఉదాహరణ చూడండి. 1/2, 1/3 కలిపితే ఎంత? పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి 2/5 అని రాసే పిల్లలు కాలేజీ వయసులో కూడా ఉంటారు. అరగ్లాసు పాలకు మరో మూడోవంతు గ్లాసు పాలు కలిపితే అరగ్లాసు కంటే తగ్గుతాయా? 2/5 అంటే సగం కంటే తక్కువే కదా! సరైన జవాబు 5/6. ఇప్పుడు ఆ 5/6ను మళ్ళీ 1/2గా, 1/3గా విడదీయమన్నారనుకోండి. పాక్షిక భిన్నాలంటే ఇదే పని, కాకపోతే అంకెల బదులు అక్షరాలుంటాయి. కలపడం రాని పిల్ల విడదీయడం ఎలా నేర్చుకుంటుంది? గైడు కొని బట్టీ పడుతుంది.

బట్టీ పట్టి పాసైతే సరిపోతుంది కదా అనవచ్చు. సరిపోదు. మూడో సంవత్సరంలో ఫార్మకోకైనెటిక్స్ అని వస్తుంది. మందు ఒంట్లోకి వెళ్ళాక ఎంతసేపట్లో ఎంత తగ్గుతుందో లెక్క కట్టే శాస్త్రం అది. ఒక మందు ఒంట్లో 400 మిల్లీగ్రాములుంది, నాలుగు గంటలకొకసారి సగమైపోతుంది అనుకుందాం. నాలుగు గంటలకు 200, ఎనిమిదింటికి 100, పన్నెండింటికి 50. ఇంతవరకు మనమూ చెప్పగలం. మరి 30 మిల్లీగ్రాములకు దిగడానికి ఎంతసేపు? పన్నెండుకూ పదహారుకూ మధ్య అని తెలుస్తుంది గాని, సుమారు 15 గంటలని తేల్చాలంటే సంవర్గమానం కావాలి. రోగికి రెండో మోతాదు ఎప్పుడివ్వాలో నిర్ణయించడానికి ఇలాంటి లెక్కలే ఆధారం. ఇక దశాంశ బిందువు సంగతి చెప్పనే అక్కర్లేదు. 0.5 అని రాయవలసిన చోట 5 అని రాస్తే మందు పదింతలవుతుంది. పరీక్షలో అయితే ఒక మార్కు పోతుంది, ఆస్పత్రిలో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

సంవర్గమానం అన్న పేరు చూసి బెదిరిపోకండి. 10ని ఎన్నిసార్లు వేసి గుణిస్తే 1000 వస్తుంది? మూడుసార్లు. ఆ మూడే 1000కి సంవర్గమానం. మన వంటింట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. పులుపును కొలిచే పి.హెచ్. అంకె పాలకు ఇంచుమించు 6.5, పెరుగుకు ఇంచుమించు 4.5. తేడా రెండే కదా అనిపిస్తుంది. కాని ఈ కొలతలో ఒక్కొక్క మెట్టూ పదిరెట్లు. రెండు మెట్లంటే పది పదులు, వందరెట్లు. పాలు తోడుకుని పెరుగయ్యేసరికి ఆమ్లత్వం అంత పెరుగుతుందన్నమాట.

సరే, మరి తల్లులుగా మనం చేయగలిగిందేమిటి? సీటు ఖాయమైన రోజుకూ క్లాసులు మొదలయ్యే రోజుకూ మధ్య కొన్ని వారాలు దొరుకుతాయి. ముందుగా ఈ ఆరు లెక్కలూ కాగితం మీద రాసి పిల్లకివ్వండి. క్యాలిక్యులేటరూ, సెల్ ఫోనూ పక్కన పెట్టించండి.

ఒకటి: 1/2, 1/3 కలపాలి.
రెండు: 0.5ను 0.5తో గుణించాలి.
మూడు: 240లో 15 శాతం ఎంత?
నాలుగు: 3లో నుంచి మైనస్ 5 తీసివేయాలి.
ఐదు: ఒక సంఖ్యను రెట్టింపు చేసి 7 కలిపితే 19 వచ్చింది. ఆ సంఖ్య ఏది?
ఆరు: 5 మిల్లీలీటర్ల సిరప్‌లో 60 మిల్లీగ్రాముల మందుంది. 150 మిల్లీగ్రాములు కావాలంటే ఎంత సిరప్ పొయ్యాలి?

జవాబులు వరసగా 5/6, 0.25, 36, 8, 6, 12.5 మిల్లీలీటర్లు. ఎన్ని తప్పాయని కాదు, ఎక్కడ తప్పాయో చూడండి. మొదటి రెండూ తప్పితే భిన్నాలు, దశాంశాల దగ్గర మొదలుపెట్టాలి. మూడోది, ఆరోది తప్పితే శాతాలు, నిష్పత్తులు, పెద్దవాళ్ళు త్రైరాశికం అనేవారే, అది. నాలుగు, ఐదు తప్పితే ప్లస్ మైనస్ గుర్తులు, చిన్న సమీకరణాలు. వీటన్నిటికీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల పుస్తకాలే చాలు.

రోజుకు నలభై నిమిషాలు పెట్టుకోమనండి. మొదటి రెండు వారాలు భిన్నాలు, దశాంశాలు, శాతాలు. మూడో వారం గుర్తులు, సమీకరణాలు. నాలుగో వారం ఘాతాలు, వాటి వెంట సంవర్గమానాలు. ఐదో వారం గ్రాఫు కాగితం మీద సరళరేఖలు గీయడం, రేఖ ఎంత వాలుగా ఉందో లెక్క కట్టడం. అవకలనం మొదలయ్యేది ఆ వాలుతోనే. తీరిక తక్కువైతే కడపటి పాఠాలు మానినా ఫరవాలేదు గాని, మొదటివి మానకూడదు.

పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఏడో తరగతి పుస్తకం తెరవడం నామోషీగా ఉంటుంది. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళకు చెప్పే పని అప్పగించండి. లేకపోతే మీరు కూరలు తరుగుతూ, "అది నాకూ చెప్పవే" అని అడగండి. పెద్ద చదువులు చదవని తల్లి కూడా చేయగలిగిన సహాయం ఇది. నోటితో చెప్పడం మొదలుపెడితే, తనకు ఎక్కడ అర్థం కాలేదో పిల్లకే తెలిసిపోతుంది.

రెండు మాటలు మాత్రం అనకండి. "ఎంపీసీ తీసుకుని ఉంటే ఈ గొడవ ఉండేదా" అన్నది ఒకటి. "మన ఇంటా వంటా లెక్కలు లేవులే" అన్నది రెండోది. పాలవాడి పద్దు, చీటీపాట వడ్డీ, నెల ఖర్చులూ నోటిమీద తేల్చే ఇల్లాళ్ళం మనం. లెక్కలు లేకపోవడమేమిటి?

కాలేజీ తెరిచాక ట్యూషన్ కోసం పరుగులెత్తే బదులు, ఫీజు కట్టి ఇంటికి వచ్చిన మర్నాడే ఆ ఆరు లెక్కల కాగితం పిల్ల చేతికివ్వండి.