కోనసీమ విహారంలో వీధి తిండి: ఏది పథ్యం? ఏది అపథ్యం?

సంక్రాంతి సెలవులలోను, మాఘమాసంలో అంతర్వేది స్వామివారి కల్యాణ సమయంలోను, వేసవిలోను కుటుంబసమేతంగా కోనసీమకు వెళ్ళేవారు అనేకులు. గౌతమీ వసిష్ఠ గోదావరుల నడుమ కొబ్బరితోటలు, కాలువగట్లు, లంక గ్రామాలు చూస్తూ తిరుగుతుంటే ఆకలి సహజంగానే రెట్టింపవుతుంది. అయినవిల్లి, అప్పనపల్లి దర్శనాలు ముగించుకొని సాయంకాలానికి అమలాపురమో, రాజోలో చేరేసరికి పిల్లలు అడిగేది నూడుల్స్. "ఆ చైనా తిండి మనకెందుకు? వేడి వేడి బజ్జీలు తినండి" అంటారు పెద్దలు. ఆరోగ్య దృష్టితో చూస్తే ఈ వాదులాటలో అసలు విషయం ఇరుపక్షాలకూ పట్టడం లేదు.

దారాల వంటి పిండివంట మనకు కొత్తది కాదు. వినాయక చవితికి బియ్యప్పిండితో చేసే పాలతాలికలు, పండుగలకు వండే సేమియా పాయసం ఆ కోవకు చెందినవే. పొట్లాలలో లభించే నూడుల్స్ 1983లో మన దేశపు విపణిలోకి వచ్చాయి. ఆ తరువాత అవి ఫాస్ట్‌ఫుడ్ బండి ఎక్కి చిన్న పట్టణాల కూడళ్ళకు కూడా చేరాయి. కనుక విదేశీయమన్న కారణంతో ఒక పదార్థాన్ని నిందించడం గాని, స్వదేశీయమన్న కారణంతో మరొకదానిని కళ్ళు మూసుకొని తినడం గాని వైద్యశాస్త్ర సమ్మతం కాదు.

చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారపు మంచిచెడ్డలను నిర్ణయించే అంశాలు ఎనిమిది చెప్పబడ్డాయి. ప్రకృతి అంటే పదార్థ స్వభావం. కరణం అంటే దానికి చేసే సంస్కారం. సంయోగం అంటే ఇతర పదార్థాలతో కలయిక. రాశి అంటే పరిమాణం. ఆపైన దేశం, కాలం, ఉపయోగ సంస్థ అనగా భోజన నియమం, చివరగా ఉపయోక్త అనగా తినే వ్యక్తి. పెద్దలు పిల్లలు తర్కించుకునేది మొదటిదైన ప్రకృతిని గురించి మాత్రమే. బండి దగ్గర మేలు కీడులను తేల్చేవి చాలావరకు తక్కిన ఏడే.

నూడుల్స్ బండినే తీసుకుందాం. మైదా స్వభావరీత్యా గురువు, అంటే ఆలస్యంగా జీర్ణమయ్యేది. అందులో సందేహం లేదు. అయితే పెద్ద మంట మీద బాణలి పొగలు కక్కుతుండగా మన కళ్ళెదుట వేయించి ఇచ్చే పదార్థంలో సూక్ష్మక్రిములు చాలావరకు నశిస్తాయి. ఇది ఆ బండికి ఉన్న గొప్ప సుగుణం. లోపమంతా అంతకుముందు, ఆ తరువాత జరిగే పనులలో ఉంటుంది. మధ్యాహ్నమే ఉడికించి, నూనె రాసి, మూత లేకుండా కుప్ప పోసిన నూడుల్స్, ఎప్పుడో తరిగి ఉంచిన క్యాబేజీ, ఒకే బకెట్టు నీళ్ళలో ముంచి తీసే పళ్ళేలు, చివరన పైన చల్లే పచ్చి ఉల్లిపాయ ముక్కలు ప్రమాదహేతువులు. వేయించడం పూర్తయ్యాక చేర్చే పచ్చి ముక్కలకు నిప్పు సోకదని గుర్తుంచుకోవాలి.

ఫ్రైడ్ రైస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు అన్నం ఉడికే వేడిని తట్టుకొని నిలుస్తాయి. వాంతులు కలిగించే దాని విషపదార్థం మళ్ళీ వేయించినా నశించదు. ఉదయం వండిన అన్నాన్ని రాత్రి ఎంత మంట మీద వేయించి ఇచ్చినా నిర్భయంగా తినరాదనడానికి కారణం ఇదే. తిన్న గంట మొదలు ఆరు గంటలలోపు వాంతులు ఆరంభమైతే ఇటువంటి ఆహారాన్ని అనుమానించవలెను. పర్యుషితాన్నాన్ని, అనగా నిలవ ఉన్న అన్నాన్ని మన పూర్వులు ఊరకే వర్జించలేదు. కోనసీమ వంటి తేమ గల ప్రాంతంలో దేశ, కాల విచారణ మరింత అవసరం.

నూడుల్స్‌లో వేసే అజినమోటోను గురించి చాలామందికి భయం ఉన్నది. 1908లో ఇకెడా అనే జపాను శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచు నుండి ఈ రుచిని గుర్తించాడు. గ్లుటమేట్ టమాటాలలో కూడా సహజంగా ఉంటుంది. కొద్దిమందికి దానివలన తాత్కాలికంగా తలనొప్పి, ముఖం వెచ్చబడటం వంటివి కలగవచ్చునే గాని, సామాన్య పరిమాణంలో అది విషమని రుజువు కాలేదు. రక్తపోటు గలవారు నిజంగా భయపడవలసినది ఉప్పుకు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజుకు 2000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తపోటుకు మందులు వాడుతున్న తాతగారు మనవడి పళ్ళెంలోంచి రెండు చెంచాలు రుచి చూడవచ్చు గాని, పూర్తి ప్లేటు తెప్పించుకోకపోవడమే మేలు.

ఎర్రగా మెరిసే గోబీ మంచూరియాను మాత్రం మొగమాటం లేకుండా నిరాకరించండి. కృత్రిమ రంగులు బయటపడిన కారణంగా కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో ఆ పదార్థంలో వాటి వాడకాన్ని నిషేధించింది. రంగు లేకుండా చేసి ఇమ్మని అడిగితే చేసి ఇచ్చే బండివారు ఉన్నారు. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఇక మన బజ్జీల సంగతి. నూనెలో వేగిన వేడి బజ్జీలో క్రిమిదోషం తక్కువ. కాని మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగిస్తే అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి. వాటి పరిమాణం 25 శాతం దాటిన నూనెను వాడరాదని 2018 నుండి దేశమంతటా నిబంధన ఉన్నది. శాతాలు కొలిచే సాధనం మనవద్ద ఉండదు గనుక కంటిని, ముక్కును నమ్ముకోవాలి. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టి, ఘాటైన పొగ వస్తుంటే ఆ బండిని దాటిపోవడమే ఉత్తమం. వార్తాపత్రిక కాగితంలో చుట్టి ఇచ్చే బజ్జీకి సిరా కూడా అంటుతుంది. ఇంటినుండి ఒక స్టీలు డబ్బా తీసుకువెళ్ళడం ఎంత సులభం! బజ్జీ కంటె దాని పక్కన వడ్డించే కొబ్బరి పచ్చడి ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. కొబ్బరి కోనసీమకు ప్రాణమే అయినా, పచ్చి కొబ్బరిని నీళ్ళతో రుబ్బిన పచ్చడి కొద్ది గంటలలోనే పులిసిపోతుంది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేవారికి ఈ విచక్షణ మరీ అవసరం. పదకొండు గ్రామాల ఏకాదశ రుద్రుల ప్రభలు ఆ తోటలో కొలువుతీరే దృశ్యాన్ని చూడటానికి జనం కిక్కిరిసి ఉంటారు. అటువంటి జనసమ్మర్దంలో దుమ్ము, ఈగలు తప్పవు. తీర్థాలలో దొరికే పిడత కింద పప్పును ఉల్లిపాయ, కొత్తిమీర లేకుండా కలపమని అడిగి తీసుకోవచ్చు. చలికాలపు తేగలు ఉడికించినవి గాని, కాల్చినవి గాని పీచు సమృద్ధిగా గల మంచి చిరుతిండి. అయితే బాగా నమిలి తినాలి. అంబాజీపేట ప్రాంతంలో ఉదయంపూట దొరికే పొట్టిక్కలు, అనగా పనసాకుల దొన్నెలలో ఆవిరిపై ఉడికిన ఇడ్లీలు, ప్రయాణికుడికి ఇంతకంటె హితమైన ఉపాహారం లేదనిపించేవి. అవి లఘువులు, నూనె లేనివి, వేడిగా ఆకులోంచే విప్పుకొని తినదగినవి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులలో నీటి అంశం అత్యల్పం గనుక త్వరగా చెడవు. మధుమేహులకు మాత్రం అందులోని పంచదార గాని, బెల్లం గాని అపథ్యమే. బెల్లమైతే ఫరవాలేదన్న భ్రమ పెట్టుకోవద్దు.

పరిమాణం గురించి ఒక మాట. పిండివంటకాలు గురువులు గనుక భోజనానంతరం తినరాదని, ఆకలి ఉన్నప్పుడు మాత్రమే మితంగా తినాలని చరకుడు సూత్రస్థానంలో హెచ్చరించాడు. విహారంలో మనం చేసేది సరిగా దీనికి విరుద్ధం. రాత్రి భోజనం చేసి, షికారుకు వెళ్ళి, ఆకలి లేకుండానే బండి దగ్గర ఆగుతాము. నూడుల్స్ తినదలచుకుంటే భోజనానికి బదులుగా తినండి. ఒక ప్లేటు తెప్పించి ఇద్దరు పంచుకోండి.

నీరు కాచి చల్లార్చినది సీసాలలో వెంట తీసుకువెళ్ళాలి. చెరకు రసం, సోడాలలో ఐసు వద్దని ముందుగానే చెప్పాలి. కోస్తాలో దిమ్మ ఐసును చేపలు, రొయ్యలు నిలవ చేయడానికి కూడా వాడతారు. అది తాగే నీటితో తయారైనదని చెప్పలేము.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కొక్కప్పుడు పొట్ట చెడుతుంది. కేవలం అజీర్ణమై కడుపుబ్బరం, పుల్లని త్రేన్పులు ఉంటే పెద్దలు ఒక పూట లంఘనం చేసి, అర చెంచా వాము నమిలి గోరువెచ్చని నీరు తాగవచ్చు. జీలకర్ర వేసి కాచిన నీరు కూడా మంచిది. మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు, పసిపిల్లలు లంఘనం చేయరాదు.

విరేచనాలు పట్టుకుంటే చికిత్స వేరు. కోనసీమలో ఎవరైనా వెంటనే కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు. అది మంచి పానీయమే గాని, అందులో పొటాషియం ఎక్కువ, సోడియం చాలా తక్కువ. విరేచనాలలో శరీరం కోల్పోయే ఉప్పును అది పూరించలేదు. మూత్రపిండ వ్యాధి గలవారికి ఆ పొటాషియమే హాని చేయవచ్చు. అందువలన ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు ప్రయాణపు సంచిలో తప్పక ఉండాలి. అవి లేనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, తలకొట్టిన అర టీ చెంచా ఉప్పు కలిపి, విరేచనమైనప్పుడల్లా కొద్దికొద్దిగా తాగించాలి. ఉప్పు ఈ కొలత మించరాదు. పాలు తాగే శిశువుకు తల్లిపాలు ఆపకూడదు. తక్కినవారికి పలుచని గంజి, మెత్తని మజ్జిగన్నం పెట్టవచ్చు.

మలంలో రక్తం, తీవ్ర జ్వరం, ఆగని వాంతులు, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, కళ్ళు లోతుకు పోవడం, బిడ్డ మగతగా పడి ఉండటం కనిపిస్తే ఏ గృహవైద్యమూ ప్రయత్నించవద్దు. అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడింటా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. లంక గ్రామాలలో బస చేసేవారు రేవు దాటవలసి ఉంటుంది గనుక, పడవ రాత్రి ఎంతవరకు నడుస్తుందో దిగిన వెంటనే కనుక్కొని ఉంచుకోవాలి.