స్వీయహాని అనంతర మనోసామాజిక చికిత్సలు: సంజామల వంటి గ్రామీణ మండలాలకు అన్వయం

మరణించాలన్న కోరిక ఉన్నదా లేదా అన్న దానితో నిమిత్తం లేకుండా, వ్యక్తి బుద్ధిపూర్వకంగా తన దేహానికి తానే కలిగించుకొనే హానిని స్వీయహాని అంటారు. ఒకసారి ఇందుకు పాల్పడినవారిలో పునరావృత్తి ముప్పు అధికం. తొలి వారాలు, నెలలు మరింత కీలకం. అందుచేత దేహానికి చికిత్స ముగిసిన చోటనే మనసుకు చికిత్స మొదలుకావాలి. నంద్యాల జిల్లాలోని సంజామల వంటి మండలాలలో ఏ చికిత్స మేలైనదన్న ప్రశ్న కంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన మనిషిని మొదటి వారంలో ఎవరు పలకరిస్తారు?

వయోజనులకు అందించే మనోసామాజిక చికిత్సలపై 2021లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 76 ప్రయోగాలను, 21,414 మందిని పరిశీలించింది. ఆలోచనా సరళిని, సమస్యను ఎదుర్కొనే తీరును మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పునరావృత్తిని తగ్గించవచ్చునని పేర్కొన్నది. ఉద్వేగాల నియంత్రణను నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ విషయంలో ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి. ఈ ప్రయోగాలలో అధిక భాగం సంపన్న దేశాలలో జరిగినవి. శిక్షితులైన చికిత్సకులు, నిర్ణీత దినాన హాజరు కాగలిగిన రోగులు అక్కడ ముందే సిద్ధంగా ఉన్నారు.

సంజామల పరిస్థితి వేరు. నిపుణుల సేవ కావాలంటే నంద్యాలకో కర్నూలుకో ప్రయాణం కట్టాలి. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడం కొంత మేలే. అయినా నల్లరేగడిలో శనగ విత్తే రోజులలో వారం వారం ఒక పూట కూలి వదులుకొని, తోడుకు ఇంకొకరిని వెంటబెట్టుకొని వెళ్లడం ఎందరికి సాధ్యం? చికిత్స మధ్యలో మానేయడాన్ని రోగి నిర్లక్ష్యంగా నమోదు చేయడం ఇటువంటి చోట న్యాయం కాదు.

ఈ నేపథ్యంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సంక్షిప్త జోక్యం, అనుసంపర్కం అనే పద్ధతి పరిశీలనార్హం. చెన్నై, కొలంబో సహా ఐదు దేశాల కేంద్రాలలో, ఆత్మహత్యాయత్నం తరువాత అత్యవసర విభాగాలకు వచ్చిన 1,867 మందిపై దీనిని పరీక్షించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. ఆసుపత్రి నుండి పంపే ముందు ఒక గంటసేపు వ్యక్తిగత సంభాషణ. తరువాత 18 నెలలలో తొమ్మిది పర్యాయాలు ఇంటికి వెళ్లి గాని ఫోనులో గాని పలకరింపు. పద్ధతి అంతే. 18 నెలలు ముగిసేసరికి ఆత్మహత్య మరణాలు సాధారణ చికిత్స పొందినవారిలో 2.2 శాతం, ఈ జోక్యం పొందినవారిలో 0.2 శాతం. అయితే 2010లో ప్రచురితమైన విశ్లేషణలో, తిరిగి ప్రయత్నించినవారి నిష్పత్తి రెండు వర్గాలలోనూ దాదాపు సమానంగా కనిపించింది. ప్రయత్నాలు తగ్గకుండా మరణాలు ఎట్లా తగ్గాయన్నది పరిశోధకులకు మంచి ప్రశ్న. కష్టకాలంలో ముందుగానే సాయం కోరడం ఒక కారణం కావచ్చు. మరణాల సంఖ్య స్వల్పం కనుక యాదృచ్ఛికతను కూడా తోసిపుచ్చలేము. పలకరింపును సర్వరోగ నివారిణిగా భావించరాదు. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి వైద్యుని చికిత్స తప్పనిసరి. ఇంటిలోని పురుగుమందులను మరొకరి ఆధీనంలో భద్రపరచడం కూడా చికిత్సలో భాగమే.

అసలు అవరోధం తరచుగా ఆసుపత్రి చీటీలోనే మొదలవుతుంది. పోలీసు కేసుకు వెరచి, "పొరపాటున జరిగింది" అని బంధువులు చెబుతారు. పొరపాటుగా నమోదైన మనిషికి మానసిక చికిత్స సూచించే అవకాశమే ఉండదు. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షను ద్వారా ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, అతనికి సంరక్షణ, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. చట్టం మారినంత త్వరగా జనుల భయం మారలేదు. ఈ విషయాన్ని బంధువులకు ముందే చెప్పడం కూడా ఆ గంట సంభాషణలో చేరవలసిన అంశం.

పలకరించేది ఎవరు? పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో జరిగిన స్మార్ట్ మెంటల్ హెల్త్ పరిశోధనలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ సహాయంతో కుంగుబాటు, ఆందోళన, స్వీయహాని ముప్పు ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యులతో అనుసంధానించారు. ఇది ఆచరణీయమే. కాని ఆశా కార్యకర్త అదే ఊరి మనిషి, ఒక్కోసారి రోగికి వదినో పిన్నమ్మో అవుతుంది. ఆమె పదే పదే ఒకే గడప తొక్కితే వీధి అంతా కారణం వెతుకుతుంది. అందువల్ల ఎక్కడ, ఎవరితో, ఏ వేళ మాట్లాడాలన్నది రోగినే అడిగి నిర్ణయించాలి. కొందరికి రక్తపోటు పరీక్ష పేరిట జరిగే రాకపోకలు చాలు. మరికొందరు ఊరివారెవరికీ చెప్పుకోలేరు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చునని వారికి ఆసుపత్రి గడప దాటకముందే తెలియజేయాలి.