జవాబు 42... మరి ప్రశ్న ఏమిటి?



పేరెంట్స్ మీటింగుల్లో మాకు తరచూ వినిపించే మాట ఇది: "మా వాడు టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టి ఏదో అంతరిక్షం కామెడీ నవల చదువుతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు మేడమ్. దానివల్ల మార్కులేమైనా వస్తాయా?" పిల్లల చదువు గురించి ఆలోచించే తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నే. ఈ నెల దానికి వివరంగా జవాబు చెప్పుకుందాం.

ఏమిటీ నవలలు?

అంతరిక్ష కథ అనగానే ధైర్యశాలులైన వ్యోమగాములు, మెరిసిపోయే నౌకలు, గ్రహాల మధ్య యుద్ధాలు గుర్తుకొస్తాయి. కామెడీ సైన్స్ ఫిక్షన్‌లో ఇదంతా తలకిందులవుతుంది. నౌక చెడిపోతుంది, కంప్యూటర్ మొండికేస్తుంది, హీరోకి ఏం జరుగుతోందో అర్థం కాదు. మన ఇళ్లలో, ఆఫీసుల్లో కనిపించే తికమకలే నక్షత్రాల మధ్య కూడా ఎదురవుతాయి.

వీటిలో బాగా పేరున్నది ఇంగ్లిష్ రచయిత డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ'. 1978 మార్చిలో బీబీసీ రేడియో నాటకంగా మొదలై, 1979లో నవలగా వచ్చింది. ఆర్థర్ డెంట్ అనే మామూలు మనిషి ఒక ఉదయం నిద్ర లేచేసరికి, బైపాస్ రోడ్డు కోసం అతని ఇల్లు కూల్చడానికి బుల్‌డోజర్ వచ్చి ఉంటుంది. ఆ గొడవ తేలకముందే ఆకాశంలో వోగాన్లు అనే గ్రహాంతరవాసుల నౌకలు దిగుతాయి. వాళ్లు అంతరిక్షంలో వేస్తున్న బైపాస్‌కు మన భూమి అడ్డం వచ్చిందట, కూల్చేస్తారట! ఫోర్డ్ అనే స్నేహితుడి సాయంతో ఆర్థర్ ఆఖరి నిమిషంలో బయటపడతాడు. అక్కడి నుంచి అతని పాట్లు మొదలు.

నవ్వు వచ్చిందంటే అర్థమైనట్టే

భూమిని కూల్చేముందు వోగాన్ అధికారి ఒక సమాధానం చెబుతాడు. ప్లాన్లన్నీ 50 ఏళ్లుగా ఆల్ఫా సెంటారీలోని ఆఫీసులో పెట్టే ఉంచారట. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాల్సిందట.

ఆల్ఫా సెంటారీ మనకు సుమారు 4.37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే దాదాపు 41 లక్షల కోట్ల కిలోమీటర్లు. కాంతికే నాలుగేళ్లకు పైగా పట్టే చోటికి వెళ్లి మనం నోటీసు చూసుకోవాలన్నమాట! కాంతి సంవత్సరం అనేది కాలానికి కాదు, దూరానికి కొలత అని తెలిసిన పిల్లలకే ఇక్కడ పూర్తిగా నవ్వొస్తుంది.

ఇంగ్లిష్ పేపర్‌లో ప్యాసేజ్ ఇచ్చినప్పుడు చాలామంది పిల్లలు ప్రశ్నలోని మాటను ప్యాసేజ్‌లో వెతికి, ఆ వాక్యాన్ని అలాగే దించేస్తారు. జోక్ దగ్గర ఆ పద్ధతి పనిచేయదు. అధికారి అన్న మాట ఒకటి, రచయిత మనకు చెబుతున్నది ఇంకొకటి. ఆ తేడా పట్టుకోగలిగితే చదవడం వచ్చినట్టే.

75 లక్షల ఏళ్ల లెక్క

ఈ నవలలో డీప్ థాట్ అనే పెద్ద కంప్యూటర్ ఉంటుంది. జీవితం, విశ్వం, సమస్తం గురించిన అంతిమ ప్రశ్నకు జవాబు చెప్పమని దాన్ని అడుగుతారు. అది 75 లక్షల సంవత్సరాలు లెక్కవేసి '42' అంటుంది. లెక్క సరైనదే. కానీ అసలు ప్రశ్న ఏమిటో అడిగినవాళ్లకే తెలియదు! ఆ ప్రశ్న కనుక్కోవడానికి ఇంకా పెద్ద కంప్యూటర్ తయారు చేయిస్తారు. అదే మన భూమి. కోటి ఏళ్ల పని ఐదు నిమిషాల్లో పూర్తవుతుందనగా వోగాన్లు వచ్చి కూల్చేస్తారు.

క్లాసులో ఈ 42 మాకు చాలాసార్లు గుర్తొస్తుంది. బిట్ బ్యాంక్ చదివిన పిల్లలు "ఆప్షన్ సి మేడమ్" అని టక్కున చెబుతారు. "ఎందుకు సి?" అంటే తల దించుకుంటారు. వాళ్లు తెలివి తక్కువవాళ్లేం కాదు. వారం వారం టెస్టుల తొందరలో వాళ్లకు జవాబు దొరుకుతోంది కానీ, ప్రశ్న దగ్గర కాసేపు ఆగే తీరిక దొరకడం లేదు. పై తరగతుల్లో కొత్త రకం లెక్క ఎదురైనప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

ఏ క్లాసుకు ఏ పుస్తకం?

5 నుంచి 7 తరగతులకు: రోల్డ్ డాల్ రాసిన 'చార్లీ అండ్ ది గ్రేట్ గ్లాస్ ఎలివేటర్' (1972). అద్దాల లిఫ్టు భూమి చుట్టూ కక్ష్యలోకి వెళ్లిపోతుంది, తాతయ్యలు, అమ్మమ్మలు గాల్లో తేలుతుంటారు. ఎందుకు తేలారో పిల్లల్ని అడగండి. "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు" అంటారు. నిజానికి 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా అది నేలమీద ఉన్నదానిలో దాదాపు 88 శాతం ఉంటుంది. లిఫ్టూ, అందులోని మనుషులూ భూమి చుట్టూ తిరుగుతూ కలిసి పడిపోతూనే ఉంటారు కాబట్టి తేలినట్టు అనిపిస్తుంది.

9వ తరగతి నుంచి: 'హిచ్‌హైకర్స్ గైడ్'. ఇందులో మద్యం ప్రస్తావన, పెద్దవాళ్ల జోకులు అక్కడక్కడా ఉన్నాయి. ముందు మీరు ఒకసారి తిరగేసి ఇస్తే మంచిది.

10వ తరగతి తర్వాత: పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ రాసిన 'ది స్టార్ డైరీస్'. ఇందులో ఇయాన్ టిఖీ అనే ఒంటరి ప్రయాణికుడి నౌక చుక్కాని పాడవుతుంది. బోల్టు ఒకరు పట్టుకుంటేనే నట్టు ఇంకొకరు బిగించగలరు. ఇంతలో నౌక కాలపు సుడుల్లో చిక్కుకుని, సోమవారం టిఖీ, మంగళవారం టిఖీ అంటూ అతనే అనేకమందిగా పోగవుతాడు. సాయం దొరికిందిగా అనుకుంటే, అందరూ వాదులాటకు దిగుతారు! చివరికి రిపేరు చేసేది ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్లు కూడా చిన్నప్పటి టిఖీలే.

ఇంట్లో మీరు చేయగలిగినవి

"ఎన్ని పేజీలు అయ్యాయి?" అని కాకుండా "ఎక్కడ నవ్వొచ్చింది? ఎందుకు?" అని అడగండి. తెలుగులోనే చెప్పమనండి. ఇంగ్లిష్‌లో చదివిన జోక్‌ను అమ్మమ్మకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే రెండు భాషలూ పట్టుబడుతున్నట్టే.

కొత్త పదాలన్నీ నోట్సులో రాయమనకండి. కథ ఆగిపోతే పుస్తకం మూతపడుతుంది.

రాత్రి పడుకునే ముందు 20 నిమిషాలు చాలు. హోంవర్క్‌కు అడ్డురాదు.

ఇక మార్కుల సంగతి. ఈ నవలల్లోంచి పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా రాదు. కానీ పరీక్షలో వచ్చిన ప్రశ్న తనను ఏం అడుగుతోందో ఆగి చూసుకునే అలవాటు వస్తుంది.

చివరగా ఒక్క మనవి. 42 సంగతి పిల్లలకు ముందే చెప్పేయకండి. ఆ పేజీ దగ్గర వాళ్లంతట వాళ్లను నవ్వనివ్వండి.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం