శాస్త్రముల వంశవృక్షము

గ్రామమున భూమి తగవు వచ్చినపుడు పెద్దలు మొదట అడుగునది వంశవృక్షము. ఎవరి తండ్రి యెవరో, ఎవరి భాగము ఎవరికి సంక్రమించెనో తేలిన పిమ్మట తక్కినది సులభము. శాస్త్రములకును ఇట్టి వృక్షమును వ్రాయవచ్చునన్న ఆశ్చర్యపడకుడు.

నేను గురువుగారియొద్ద రఘువంశము చదువుకొను దినములలో, మల్లినాథసూరి తన వ్యాఖ్య మొదట దక్షిణావర్తనాథుని పేరు చెప్పుట చూచితిని. దానినిబట్టి దక్షిణావర్తుడు పూర్వుడని నిశ్చయమగుచున్నది గదా. శాసనము దొరకకున్నను, ఎవరు ఎవరిని పేర్కొనిరో చూచి ముందువెనుకలు నిర్ణయించుట మన పండితులకు పరిపాటి.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున యూజీన్ గార్‌ఫీల్డు ఈ యుక్తినే విజ్ఞానశాస్త్రములకు పట్టించెను. ఆయనకు దారి చూపినవి వకీళ్ల పుస్తకములు. ఒక తీర్పును తరువాతి కోర్టులు ఎక్కడ ఆదరించెనో, ఎక్కడ త్రోసివేసెనో తెలుపు పట్టీలు ఆ దేశమున 1873 నుండి అచ్చగుచుండెను. అట్లే ఒక పరిశోధనవ్యాసమును తరువాతివారెవరు పేర్కొనిరో తెలుపు సూచికను ఆయన 1964లో వెలువరించెను. ఆ యేటనే సహచరులతో గూడి, తల్లిదండ్రుల లక్షణములు సంతానమునకెట్లు వచ్చునో తెలుపు శాస్త్రమునకు పటము గీసెను. వ్యాసమొక చుక్క, పేర్కొనుట యొక గీత. ఐజాక్ అసిమోవు వ్రాసిన చరిత్రతో పోల్చి చూడగా, అందు చెప్పిన సంబంధములలో నూటికి సుమారు 65 ఆ గీతలలో కనబడెను. తక్కినవి యేల కనబడలేదందురా? ఋణము చెప్పనివారు మన కవులలోను లేకపోలేదు.

అయినను పటమును నమ్మువాడు జాగరూకుడై యుండవలెను. నేటి చెక్ దేశమందలి బ్ర్నో పట్టణమున గ్రెగర్ మెండెలు అను క్రైస్తవ సన్న్యాసి, మఠపు తోటలో బఠాణీలను సంకరము చేసి, ఎనిమిదేండ్లు లెక్కలు కట్టి, 1866లో వ్యాసము ప్రకటించెను. దానిని పేర్కొన్నవారు బహుస్వల్పము. ఆయన 1884లో గతించెను. 1900లో ముగ్గురు పండితులు మూడుచోట్ల దానిని మరల వెలుగులోనికి దెచ్చిరి. 1890లో ఎవరైన పటము గీసియుండిన, నేడు మూలపురుషుడని మనమెంచు ఆ మఠవాసి ఒక మూలనున్న ఒంటరి చుక్క. ఎవరి మాట వినబడెనో పటము చెప్పును. ఎవరి మాట నిజమో చెప్పదు.

నేడు కంప్యూటర్లు లక్షల వ్యాసములను చదివి, ఏ పదములు జంటగా వచ్చుచున్నవో గూడ లెక్కించి, శాఖలు కలియుటను, చీలుటను, ఎండుటను ఏటేట చూపుచున్నవి. పలు దేశములలో పరిశోధనకు ధనమిచ్చువారు ఇట్టి లెక్కలను చూచుచున్నారు. నాకు సందేహమిచ్చటనే. ఎవరును పేర్కొనకున్నను మెండెలునకు మఠమున అన్నమును, తోటలో పాదులును ఉండెను.