ఎండాకాలం పనులు: ఏది ముందు? ఏది వెనక?

ఉగాది వెళ్ళింది. ఎండ ముదిరింది. బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్ళలో పెసలు, మినుములు ఎప్పుడో ఇంటికి చేరాయి. ఇక కాస్త తీరిక దొరుకుతుందని ఆడవాళ్ళు అనుకుంటారు. కానీ దొరకదు. చింతపండు వొలవాలి. ఊరగాయ పెట్టాలి. మట్టి పనికి వెళ్ళాలి. పిల్లలకు బడి సెలవులు. ఊళ్ళో పెళ్ళిళ్ళు, అమ్మవారి పండగలు. నుయ్యి ఎండితే నీళ్ళకు దూరం నడవాలి.

"ఏటప్పా, కనబడ్డమే మానేసినావు?" అని ఒకామె అడుగుతుంది.

"ఏటి సెయ్యనమ్మా, పని తెమల్డం లేదు" అని రెండో ఆమె జవాబు చెబుతుంది.

పని ఎందుకు తెమలదు? 2019లో ప్రభుత్వం దేశమంతా ఒక లెక్క తీసింది. ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని అడిగింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే ఇంచుమించు 5 గంటలు. ఇంటిపని చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. కూలి పని దీనికి అదనం. ఎండాకాలం పనులు ఆ పైన వచ్చి పడతాయి.

అన్నీ ఒక్కసారే చెయ్యాలంటే ఎవరికీ చేతకాదు. అందుకని ఏ పని ఆగుతుంది, ఏ పని ఆగదు అని ముందు చూసుకోవాలి.

ఎండ ఉండగానే చెయ్యాల్సినవి

కొన్ని పనులకు ఎండే పెట్టుబడి. వానలు వస్తే అవి ఇక కావు. మే నెలాఖరుకి రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలంటారు. జూన్ రెండో వారం దాటితే మన వైపు వానలు ఎప్పుడైనా మొదలవుతాయి. ఈలోపలే ఈ పనులు ముగియాలి.

చింతపండు సంగతి చూడండి. సాలూరు, పార్వతీపురం కొండల నుంచి గిరిజనులు దాన్ని కిందికి తెస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా వాళ్ళ దగ్గర కొంటుంది. పండు కొన్నాక పెంకు తియ్యాలి. ఈనెలు లాగాలి. పిక్కలు కొట్టి తియ్యాలి. బాగా ఎండబెట్టి, ఉప్పు కలిపి కుండలో పెట్టాలి. తడి మిగిలితే వానాకాలంలో బూజు పడుతుంది.

ఊరగాయ కూడా అంతే. కాయ పుల్లగా, గట్టిగా ఉండగా పెట్టాలి. పండబారితే ముక్క మెత్తబడుతుంది. ముక్కకు తడి లేకుండా తుడవాలి. ఎందుకని? తడి ఉన్న చోట కంటికి కనబడని పురుగులు పెరుగుతాయి. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. పైన తేలే నూనె గాలి తగలకుండా కాపాడుతుంది. అందుకే జాడీలో తడి గరిటె పెట్టకూడదని పెద్దవాళ్ళు చెబుతారు.

విజయనగరం జిల్లాలో భీమాళి అనే ఊరుంది. మామిడి తాండ్రకు ఆ ఊరు పేరు పొందింది. అక్కడ మామిడి రసాన్ని చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడతారు. అలా ఎండితేనే అది తాండ్ర అవుతుంది. వాన చినుకు పడితే ఆ కష్టమంతా పోతుంది.

పూరింటి కప్పు బాగుచేసుకోవడం కూడా వానలకు ముందు పనే.

ఒక్క పూటైనా ఆగనివి

ఇంట్లో తాగే నీళ్ళు, పిల్లల తిండి, ముసలివాళ్ళ మందులు ఆగవు. ఇంకొకటి కూడా ఉంది. అది నిప్పు.

ఎండాకాలం తాటాకు, గడ్డి బాగా ఎండి ఉంటాయి. మధ్యాహ్నం గాలి తోలుతుంది. పొయ్యిలో మిగిలిన ఒక్క నిప్పురవ్వ వీధిని కాల్చేస్తుంది. పనికి వెళ్ళే తొందరలో పొయ్యి మీద నీళ్ళు చల్లడం మరిచిపోకూడదు. బియ్యం కార్డు, ఆధార్, భూమి పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం అన్నీ ఒకే రేకు పెట్టెలో పెట్టాలి. ఆపద వస్తే ఆ ఒక్క పెట్టె పట్టుకుని బయటికి రావచ్చు. నిప్పు అంటుకుంటే 101కి ఫోను చెయ్యాలి.

అందరూ వెనక్కి నెట్టే పని

ఆడవాళ్ళు వెనక్కి నెట్టే పని ఒకటుంది. అది తమ ఒంటిని చూసుకోవడం.

2003లోనూ, 2015లోనూ వడదెబ్బకు ఆంధ్ర రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలో పని చేసే కూలీలకు, ముసలివాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ.

మన ఒంట్లో వేడి 98.6 డిగ్రీలు ఉంటుంది. వేడి పెరిగితే చెమట పడుతుంది. చెమట ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. చెమటతో నీళ్ళూ పోతాయి, ఉప్పూ పోతుంది. అవి తిరిగి ఒంట్లోకి చేరాలి. చేరకపోతే తల తిరుగుతుంది. పిక్కలు పట్టేస్తాయి. వేడి 104 డిగ్రీలు దాటితే మాట తడబడుతుంది, మనిషి పడిపోతుంది.

పని చోట మరుగు లేదని చాలామంది ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. దానివల్ల ఒంటేలు మంట వస్తుంది. వడదెబ్బ కూడా తొందరగా తగులుతుంది. మరుగు కావాలని నలుగురూ కలిసి అడగాలి.

పనికి వెళ్ళేముందు చోడి అంబలి గానీ, తరవాణి గానీ తాగడం మంచిది. మజ్జిగలో ఉప్పు వేసి తాగవచ్చు. నీరసంగా ఉంటే ఉప్పు, చక్కెర నీళ్ళు కలుపుకోవచ్చు. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు, చిన్న చెంచాతో చక్కెర 6 చెంచాలు, ఉప్పు అర చెంచా. ఇంతే.

ఈ నీళ్ళు చూడటానికి చాలా మామూలుగా ఉంటాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగింది. అక్కడి నుంచి మన దేశానికి పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరాల్లో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఇలాంటి నీళ్ళే తాగించారు. అంతకుముందు రోగుల్లో నూటికి 30 మంది దాకా చనిపోయేవారు. ఆ తర్వాత నూటికి నలుగురి కంటే తక్కువకు దిగింది.

వడదెబ్బ తగిలితే మనిషిని నీడకు చేర్చాలి. బట్టలు వదులు చెయ్యాలి. ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిచి విసరాలి. తెలివి లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

చట్టంలో రాసిన మాట

2006లో ఉపాధి హామీ పని మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది. చెరువు మట్టి పనికి ఆడవాళ్ళు పెద్దసంఖ్యలో వెళ్ళారు. పని చోట తాగునీరు, పిల్లలకు నీడ, మందుల పెట్టె ఉండాలని ఆ 2005 నాటి చట్టంలో రాశారు. ఇవి ఎవరో దయతలిచి ఇచ్చేవి కావు. రాసిన మాట చదవగలిగితే అడగడానికి ధైర్యం వస్తుంది. మస్టరులో మీ పేరు, మీరు పనిచేసిన రోజులు మీరే చూసుకోవచ్చు.

కాగితం మీద పెడితే

పనులన్నీ బుర్రలో పెట్టుకుంటే బరువు. పిల్లల పాత నోటు పుస్తకం తీసి రాసుకోవచ్చు. ఇలాగ:

ఆగనివి: నీళ్ళు, మందులు, పొయ్యి ఆర్పడం.
వానలకు ముందు: చింతపండు, ఊరగాయ, ఇంటి కప్పు, పెద్ద గుంటను బడిలో చేర్చడం.
ఆగేవి: మంచాలు బిగించడం, పాత బట్టలు కుట్టడం.
ఎవరు చేస్తారు: ఇంటాయన, అత్త, పిల్లలు, నేను.
కూలికి వెళ్ళిన రోజులు: తేదీ వేసి ఒక గీత.

నాలుగో వరస ముఖ్యం. అన్ని పనుల పక్కనా "నేను" అని ఉంటే పంపకం సరిగ్గా లేనట్టే. నీళ్ళు మొయ్యడం, పిక్కలు కొట్టడం మగవాళ్ళూ చెయ్యగలరు. ఆ కాగితం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాలి. బరువు పనులు ఉదయం 11 లోపల, లేదా సాయంత్రం 4 దాటాక పెట్టుకోవాలి. మధ్యాహ్నం నీడన కూర్చుని చేసే పనులకు మేలు.

ఆలోచించండి, చర్చించండి

1. ఈ వారం మీ ఇంట్లో ఆగని పనులు ఏవి? ఆగేవి ఏవి?
2. నిన్న మీరు ఎన్ని గంటలు పని చేశారు? మీ ఇంటాయన ఎన్ని గంటలు చేశారు? లెక్క రాయండి.
3. మీ పని చోట నీళ్ళు, నీడ, మరుగు ఉన్నాయా? లేకపోతే ఎవరిని అడగాలి?
4. ఉప్పు, చక్కెర నీళ్ళు కలిపే పద్ధతి మీ పక్కింటామెకు చదివి చెప్పండి.