కడుపులో కానరాని నెత్తురు

నెత్తురు కంటబడినచో ఎంతటివాడైనను వైద్యునికడకు పరుగెత్తును. కంటబడని నెత్తురు అట్టి హెచ్చరిక చేయదు. పెద్దప్రేగునకు వచ్చు సామాన్యవ్యాధి యొకటి మిక్కిలి అరుదుగా ఇట్టి రహస్య రక్తస్రావమునకు కారణమగుచుండును.

పెద్దప్రేగు గోడలో కండరపు పొర కలదు. ప్రేగునకు రక్తమునందించు సన్నని నాళములు ఈ పొరను తొలుచుకొని లోనికి పోవును. అవి దూరిన చోట గోడ బలహీనము. వయస్సు ముదిరినకొలది లోపలి ఒత్తిడికి ఆ తావులందు లోపొర చిన్న తిత్తులవలె వెలుపలికి పొడుచుకొని వచ్చును. వైద్యులు వీనిని డైవర్టిక్యులములందురు. పాతబడిన సైకిలు టైరు చీలికలోనుండి ట్యూబు ఉబ్బుటను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. పాశ్చాత్యదేశములలో అరువదియేండ్లు దాటినవారిలో ఇంచుమించు సగముమందికి ఇవి యుండును. పెక్కురకు ఆ సంగతియే తెలియదు. అచ్చట ఎడమవైపు ప్రేగులోను, ఆసియావాసులలో తరచు కుడివైపునను ఇవి కనబడుట విశేషము.

పీచులేని ఆహారమే దీనికి మూలమని బ్రిటిష్ వైద్యులు పెయింటర్, బర్కిట్ 1971లో వాదించిరి. ఆ వాదము చిరకాలము చెల్లినది. 2012లో వెలువడిన అమెరికా పరిశోధన యొకటి దానిని శంకింపజేసినది. గింజలు తినరాదను కట్టడియు నిలువలేదు. 47 వేల పైచిలుకు పురుషులను 18 ఏండ్లు పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితములలో అట్టి హాని కానరాలేదు. అంతవరకు ఎందరు వృద్ధులు వేరుసెనగలకు మొగము వాచిరో!

తిత్తి పెరిగినకొలది రక్తనాళము దాని నెత్తిమీద సాగి పలుచబడును. అది తెగినచో నెత్తురు సాధారణముగా ప్రేగులోనికే కారి, నొప్పి లేకుండ మలముతో వెడలును. నాలుగింట మూడువంతుల రోగులలో తనంతట తానే ఆగును. ఏ కొద్దిమందిలోనో నాళము వెలుపలివైపు పగిలి రక్తము ఉదరకుహరమున చేరును. అప్పుడు మలములో ఎరుపు కనబడకపోవచ్చును. హఠాత్తుగా కడుపునొప్పి, ఉబ్బు, ముఖము పాలిపోవుట, చల్లని చెమట, నాడి వేగము, లేచి నిలుచున్నచో కండ్లు తిరుగుట: ఇవియే సాక్ష్యములు. దేహమందలి సుమారు 5 లీటర్ల రక్తములో ఒకటిన్నర లీటరు పోవునంతవరకు రక్తపుపోటు నిలకడగానే కనబడవచ్చును. అజీర్ణమని సోడా త్రాగించి పరుండబెట్టుట ఇచ్చటనే ప్రాణాంతకమగును.

ఆసుపత్రిలో అల్ట్రాసౌండు కొలది నిమిషములలో కడుపులోని ద్రవమును చూపును, సి.టి. స్కాను నెత్తురు కారు చోటును పట్టియీయవచ్చును. పిదప రక్తమెక్కించి, శస్త్రచికిత్సతో ఆ ప్రేగుభాగమును తొలగింతురు. కొందరిలో సన్నని గొట్టమును ధమనిగుండ పంపి నాళమును మూయుదురు.

కీళ్ళనొప్పులకు ఏండ్లతరబడి మాత్రలు మ్రింగువారిలోను, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారిలోను తిత్తులనుండి రక్తస్రావము కలుగు అవకాశమెక్కువ. అట్టివారు కడుపునొప్పితో సొమ్మసిల్లినచో, వెంట వచ్చినవారు ఆ మందుల పేర్లను వైద్యునికి మొట్టమొదటనే చెప్పవలెను.