ఐస్ స్కేటింగ్: మడమకు బొబ్బలా? ‘కొత్త బూట్లు కదా’ అని వదిలేయొద్దు!

కొత్త స్కేట్స్‌తో పిల్లలు రింక్‌లోకి దిగుతారు. అరగంట కాకముందే మడమ మండుతోందంటారు. ‘కొత్తవి కదా, వాడగా వాడగా అవే సర్దుకుంటాయి’ అని పెద్దవాళ్లు నచ్చజెబుతారు. కొత్త బూటు బిగుతు కొన్నాళ్లకు తగ్గే మాట నిజమే. కానీ లోపల మడమ పైకి లేస్తుంటే అది వాడకంతో పోయే సమస్య కాదు. బూటు కొలతే తప్పు! అమెరికా, కెనడాలో పిల్లల్ని స్కేటింగ్ క్లాసులకు పంపే తెలుగు కుటుంబాలైనా, సిమ్లా టూర్‌లో అద్దె స్కేట్స్ వేసుకునేవారైనా ఈ తేడా తెలుసుకోవాలి.

మడమకే ఎందుకు?

స్కేట్ బూటు చాలా గట్టిగా ఉంటుంది. మామూలు షూలా వంగదు. అది వదులైతే కాలు తోసిన ప్రతిసారీ మడమ లేచి బూటు వెనుక భాగానికి రాసుకుంటుంది. ముందు ఎర్రబడుతుంది, ఆ తర్వాత బొబ్బ లేస్తుంది. మడమ ఎముక వెనుక ఉబ్బెత్తుగా ఉన్నవారికి ఈ ఒరిపిడితో అక్కడ వాచి, నొప్పి పుడుతుంది. ఈ బుడిపెనే హాగ్లండ్ డిఫార్మిటీ అంటారు.

బొబ్బ వస్తే ఏం చేయాలి?

• మానే వరకు స్కేటింగ్ ఆపాలి.
• బొబ్బను చిదమకూడదు. పగిలితే సబ్బు నీళ్లతో కడిగి, శుభ్రమైన బ్యాండేజ్ వేయాలి.
• వాపు ఉంటే ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టాలి.

బూటు సరిపోయిందా? ఇలా చూడండి

• నిలబడితే వేళ్లు ముందు భాగానికి కాస్త తగలాలి. మోకాళ్లు వంచితే కొద్దిగా వెనక్కి జరగాలి. అప్పుడూ మడమ లేవకూడదు.
• మందపాటి సాక్స్‌తో వదులును సరిచేయాలని చూడొద్దు. పలుచని సాక్సే మేలు.
• చీలమండ దగ్గర లేసులు బిగించాలి, వేళ్ల దగ్గర కాస్త వదలాలి.
• బుడిపె దగ్గరే నొక్కుతుంటే స్కేట్ షాపులో అక్కడ బూటును సాగదీయించుకోవచ్చు. కొన్ని మోడళ్లను వేడి చేసి పాదం ఆకారానికి తెస్తారు. ఇంట్లో ఓవెన్‌తో ప్రయోగాలు వద్దు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

చీము, జ్వరం, ఎరుపు పాకడం, మామూలు చెప్పులేసుకున్నా తగ్గని నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. షుగర్ ఉన్నవారైతే చిన్న బొబ్బనైనా డాక్టర్‌కు చూపించాలి. పుండు మానింది కదా అని మళ్లీ అదే వదులు బూటు వేస్తే, బొబ్బ మళ్లీ అక్కడే లేస్తుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. సమస్య ఉంటే వైద్యుడిని సంప్రదించండి.)